పిల్లలకు ఆటిజం అసెస్‌మెంట్: గదిలో ఏం చూస్తారు, ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి

ఆటిజం ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఇప్పటివరకు లేదు. మెదడు స్కానింగులోనూ అది కనిపించదు. నిపుణులు బిడ్డ ప్రవర్తనను చూస్తారు, పసితనం నుంచి ఎలా ఎదిగిందో అడిగి తెలుసుకుంటారు, ఈ రెండింటినీ కలిపి ఆలోచించి ఒక నిర్ణయానికి వస్తారు. తల్లిదండ్రుల తికమక చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. ఒక డాక్టరు పది నిమిషాలు చూసి ఏమీ లేదంటారు, మరొకరు అనుమానంగా ఉందంటారు. టీచరు ఒకటి చెబితే, మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని ఇంట్లో పెద్దవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఫోనులో నింపిన ప్రశ్నావళి మరో అంకె చూపిస్తుంది. వీటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలి?

ముందుగా, నిర్ధారణ దేని మీద ఆధారపడుతుందో చూద్దాం. వైద్యులు ప్రధానంగా అనుసరించే ప్రమాణాలు రెండు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన, మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం ఒకటి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 మరొకటి. వివరాల్లో కొంత తేడా ఉన్నా రెండూ చూసేది రెండు పార్శ్వాలనే.

మొదటిది ఇతరులతో సంబంధం, సంభాషణ. డీఎస్ఎం-5 ప్రకారం ఇందులో మూడు రకాల ఇబ్బందులూ ఉండాలి. మాటకు మాట, నవ్వుకు నవ్వు ఇచ్చిపుచ్చుకోవడం సహజంగా సాగకపోవడం. చూపు, సైగ, ముఖకవళిక మాటతో కలిసి నడవకపోవడం. స్నేహాలు కుదుర్చుకోవడం, సందర్భాన్ని బట్టి నడుచుకోవడం కష్టం కావడం. రెండో పార్శ్వంలో నాలుగు లక్షణాలుంటాయి, వాటిలో కనీసం రెండు కనిపించాలి. ఒకే కదలికనో మాటనో పదేపదే చేయడం, చిన్న మార్పుకు కూడా తట్టుకోలేకపోవడం, ఒకటి రెండు విషయాల మీద అసాధారణమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటికి మరీ ఎక్కువగా లేదా మరీ తక్కువగా స్పందించడం. వీటి మూలాలు చిన్నతనంలోనే ఉండాలి, రోజువారీ జీవితానికి అడ్డు తగులుతూ ఉండాలి.

ఈ ప్రమాణాల్లో చాలామంది గమనించని మాట ఒకటుంది. ఒక లక్షణం ఇప్పుడు కనిపించకపోయినా, గతంలో ఉండేదని తెలిస్తే చాలు, అది లెక్కలోకి వస్తుంది. మూడేళ్ల వయసులో బొమ్మ కార్లను వరుసగా పేర్చి, ఎవరైనా ఒక్కటి కదిపితే గంటసేపు ఏడ్చిన బాబు పన్నెండేళ్లకు ఆ పని చేయకపోవచ్చు. డాక్టరు ముందు కూర్చున్నది పన్నెండేళ్ల బాబు. మూడేళ్ల బాబును చూసినది తల్లిదండ్రులు మాత్రమే. అందుకే అసెస్‌మెంటులో అన్నిటికంటే విలువైన ఆధారం ఏ పరికరంలోనూ లేదని, అది బిడ్డను పెంచినవాళ్ల జ్ఞాపకంలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ జ్ఞాపకాన్ని పనికొచ్చే రూపంలో నిపుణుల ముందు పెట్టగలగడమే అసలు సిద్ధపడటం.

ఒక్క లక్షణంతో ఆటిజం ఉందని చెప్పలేనట్టే, ఒక్క లక్షణం లేనంత మాత్రాన లేదనీ చెప్పలేం. కళ్లలోకి చూస్తున్నాడు కాబట్టి ఆటిజం కాదు, ప్రేమగా వచ్చి హత్తుకుంటుంది కాబట్టి కాదు, చదువులో ముందున్నాడు కాబట్టి కాదు. ఇలాంటి మాటలు అనుభవం ఉన్న వైద్యుల నోట కూడా వినిపిస్తాయి. దానికి కారణం చరిత్రలో ఉంది. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడైన లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యుల దృష్టికి వచ్చింది. ఎవరితోనూ కలవకుండా తన లోకంలో తానుండే బిడ్డ అన్న చిత్రం అక్కడి నుంచి చాలాకాలం నిలిచిపోయింది. 1994 నాటి డీఎస్ఎం-4లో, మాటలు ఆలస్యం కాని పిల్లలకు ఇచ్చే ఆస్పర్జర్స్ అనే నిర్ధారణ విడిగా ఉండేది. 2013లో అదీ, మరికొన్ని పేర్లూ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే నిర్ధారణలో కలిసిపోయాయి. అంతకుముందు ఆటిజం ఉన్న బిడ్డకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం) కూడా ఉందని రాయడానికి నిబంధనలు ఒప్పుకునేవి కావు. ఇప్పుడు ఒప్పుకుంటాయి, ఆ రెండూ కలిసి ఉండటం తరచుగా కనిపిస్తుంది కూడా. ఎవరైనా ఒక్క వాక్యంతో అనుమానాన్ని కొట్టిపారేస్తే, వాళ్ల మనసులో ఏ కాలపు చిత్రం ఉందో ఆలోచించడం మంచిది.

స్క్రీనింగ్, అసెస్‌మెంట్ అనే రెండు మాటలు కలగాపులగం కావడం మరో చిక్కు. ఎవరిని లోతుగా పరిశీలించాలో గుర్తించే తొలి వడపోత స్క్రీనింగ్. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పద్దెనిమిది నెలలకు ఒకసారి, ఇరవై నాలుగు నెలలకు మరోసారి పిల్లలందరికీ ఇది చేయమంటుంది. ఎక్కువగా వాడేది ఎం-చాట్ ప్రశ్నావళి. పదహారు నుంచి ముప్పై నెలల వయసు పిల్లల కోసం తయారైన ఇందులో ఇరవై అవును-కాదు ప్రశ్నలుంటాయి. వేలితో చూపిస్తాడా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా, తనకు నచ్చిన వస్తువును మీకు చూపించడానికి తెస్తాడా వంటివి. స్కోరు రెండు వరకు ఉంటే ముప్పు తక్కువ. మూడు నుంచి ఏడు వరకు వస్తే ఆ జవాబుల గురించి మరింత వివరంగా అడగాలి. ఎనిమిది గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా అసెస్‌మెంటుకు పంపాలి.

ఆ స్కోరుకు అర్థం ఏమిటో 2014లో అచ్చయిన పెద్ద అధ్యయనం ఒకటి చూపించింది. రెండో విడత ప్రశ్నల తర్వాత కూడా అనుమానం మిగిలిన పిల్లల్లో దాదాపు సగం మందికి ఆటిజం ఉన్నట్టు తేలింది. మిగతావారిలో అత్యధికులకు భాషలోనో ఎదుగుదలలోనో మరేదో ఆలస్యం ఉంది. అంటే స్క్రీనింగులో ఎక్కువ స్కోరు వస్తే ఆటిజం ఖాయమైనట్టు కాదు. కానీ దాన్ని పక్కన పెట్టడానికీ వీల్లేదు, ఆ బిడ్డకు ఏదో ఒక సాయం కావాలి. స్కోరు తక్కువ వచ్చినా మీ మనసులో సందేహం పోకపోతే మళ్లీ అడగండి. పద్దెనిమిది నెలలకు మామూలుగా కనిపించిన కొందరు ఆ తర్వాత వచ్చిన మాటలను కోల్పోతారు. మాటలు గానీ, అలవడిన నేర్పులు గానీ పోతుంటే, ఏ వయసులోనైనా సరే, ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి.

"కొన్నాళ్లు చూద్దాం" అనే సలహా చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే వస్తుంది, అయినా నాకు అది నచ్చదు. అనుభవజ్ఞులు రెండేళ్ల వయసుకే చేసిన నిర్ధారణ చాలావరకు నిలబడుతుంది. అంతకంటే ముఖ్యం, ఎదురుచూడటం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. చూద్దాం అన్నవారిని రెండు ప్రశ్నలు అడగాలి: ఎప్పటిదాకా చూడాలి, ఈలోగా ఏం కనిపిస్తే వెంటనే రావాలి? ఈ రెండింటికీ సూటిగా సమాధానం రాకపోతే మరొకరి దగ్గరకు వెళ్లడం తప్పు కాదు.

అసెస్‌మెంట్ చేసేవారు ఒక్కరే కావచ్చు, బృందం కావచ్చు. పిల్లల ఎదుగుదలలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు, పిల్లల సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, రోజువారీ పనుల్లో సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టు సాధారణంగా అందులో ఉంటారు. బృందం చూడటమే మేలు, ఎందుకంటే ఆటిజంలా కనిపించే స్థితులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. పిలిస్తే పలకని బిడ్డకు వినపడటం లేదేమో అన్నది మొదట తేలాల్సిన విషయం; టీవీ శబ్దానికి తిరుగుతాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అనుకోవడం సరిపోదు, కొన్ని స్థాయుల శబ్దాలే వినపడని పిల్లలుంటారు. భాషకు సంబంధించిన ఇబ్బంది, తీవ్రమైన ఆందోళన, కొన్నిచోట్ల మాత్రమే మాట పెగలని స్థితి, మేధోపరమైన వైకల్యం, భయానక అనుభవాల ప్రభావం, ఏడీహెచ్‌డీ వీటన్నిటినీ విడదీసి చూడాలి. ఒకటి ఉంటే మరొకటి ఉండదనుకోకూడదు, కలిసీ ఉండవచ్చు. ఆటిజం నిర్ధారణ అయ్యాక కారణం వెతకడానికి జన్యుపరీక్షలు సూచిస్తారు. మెదడు ఎంఆర్ఐ స్కానింగ్, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ అందరికీ అక్కర్లేదు. మూర్ఛ అనుమానమో, నాడీ సంబంధమైన ఇతర లక్షణాలో ఉన్నప్పుడే వాటి అవసరం.

ఇక గదిలో జరిగేది. చాలా దేశాల్లో వాడే పద్ధతి అడోస్-2. వయసును, మాటల స్థాయిని బట్టి ఇందులో ఐదు భాగాలున్నాయి, ఒక బిడ్డకు ఒక్కటే వాడతారు. నలభై నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది. చిన్నపిల్లల విషయంలో బయటివారికి అది ఆటలాగే కనిపిస్తుంది. సబ్బు బుడగలు ఊదుతారు, బొమ్మకు పుట్టినరోజు చేస్తారు, మాటలు లేని బొమ్మల పుస్తకం తిరగేస్తారు. బుడగలు ఊదడం ఆపేసినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నది అసలు పరిశీలన. ఇంకా కావాలని కళ్లలోకి చూసి అడుగుతుందా, చేయి పట్టి డబ్బా దగ్గరకు లాగుతుందా, ఆ ఆనందాన్ని పక్కనున్న అమ్మతో పంచుకోవడానికి తల తిప్పుతుందా? బొమ్మ పుట్టినరోజులో ఉత్తుత్తి దీపాన్ని ఉఫ్ అని ఊదే ఆటలోకి బిడ్డ వస్తుందా? టీనేజీ పిల్లలతోనైతే స్నేహం, ఒంటరితనం, కోపం, భవిష్యత్తు గురించి మాట్లాడతారు. చెప్పిన జవాబు తప్పా ఒప్పా అన్నది ముఖ్యం కాదు, సంభాషణ ఎలా నడిచిందన్నదే ముఖ్యం.

అందుకే బిడ్డకు ముందుగా శిక్షణ ఇచ్చి తీసుకెళ్లవద్దు. కళ్లలోకి చూసి మాట్లాడు, చేతులు ఆడించకు అని రెండు వారాలు చెప్పి తీసుకెళితే, నిపుణులు చూడాల్సినదే కనబడకుండా పోతుంది. ఎక్కడికి వెళుతున్నారో, ఎంతసేపు ఉంటారో, ఆ తర్వాత ఏం చేస్తారో బిడ్డకు అర్థమయ్యేలా చెప్పండి, చాలు. కొత్త చోటు అంటే బెదిరే పిల్లలకు ఆ గది ఫోటో ముందే చూపించగలిగితే ఇంకా మంచిది.

అడోస్ స్కోరు వచ్చిందంటే నిర్ధారణ వచ్చినట్టే అనుకునేవారు చాలామంది. అది నిజం కాదు. తీవ్రమైన ఆందోళన ఉన్న బిడ్డకు, ఆ రోజు జ్వరంతో వచ్చిన బిడ్డకు స్కోరు ఎక్కువగా రావచ్చు. తెలివిగా నటించగల అమ్మాయికి తక్కువగా రావచ్చు. ఒక గంటలో, ఒక గదిలో, బిడ్డ మీదే దృష్టి పెట్టిన ఒక పెద్దమనిషితో జరిగిన ముఖాముఖి అది. ముప్పై మంది పిల్లల మధ్య, గోల మధ్య ఆ బిడ్డ ఎలా ఉంటుందో అది చెప్పలేదు. ఒక్క పరీక్ష మాత్రమే చేసి, తల్లిదండ్రులతో వివరంగా మాట్లాడకుండా, బడి నుంచి సమాచారం తెప్పించుకోకుండా ఇచ్చిన నివేదిక ఏ పక్షం చెప్పినా అసంపూర్ణమే.

ఈ లోటును పూడ్చేది ఎదుగుదల చరిత్ర. దీనికి ఏడీఐ-ఆర్ అనే ఇంటర్వ్యూ ఉంది. తొంభై మూడు అంశాలతో గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా సాగుతుంది. ఈ పేరుతో కాకపోయినా, మంచి అసెస్‌మెంట్ ఎక్కడ జరిగినా ఇలాంటి సుదీర్ఘ సంభాషణ తప్పకుండా ఉంటుంది. మాటలు ఎప్పుడొచ్చాయి, వేలితో చూపించడం ఎప్పుడు మొదలైంది, తోటి పిల్లలతో ఎలా ఆడేవాడు అని అడుగుతారు. అక్కడికక్కడ గుర్తుకు రావు. ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లాలి.

రాయడంలో ఒక మెలకువ ఉంది. "మొండి", "సిగ్గరి", "ఎవరితోనూ కలవదు" అనే ముద్రలు నిపుణులకు పెద్దగా ఉపయోగపడవు. జరిగినది జరిగినట్టు రాయాలి. "బడికి రోజూ వెళ్లే దారి మూసేసి ఆటో వేరే వీధిలోంచి వెళితే, దిగేదాకా చెవులు మూసుకుని ఏడ్చింది. నాలుగేళ్ల వయసు నుంచి ఇలాగే ఉంది" అంటే అందులో మార్పును తట్టుకోలేకపోవడం ఉంది, ఎంత తీవ్రమో ఉంది, ఎప్పటినుంచో ఉంది. "పుట్టినరోజు వేడుకలో అందరూ ఆడుతుంటే ఫ్యాను కింద నిలబడి దాని రెక్కలు చూస్తూ ఉండిపోయాడు, పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు, భుజం తడితే చూశాడు" అన్నది మరో ఉదాహరణ. ఇలాంటివి పది పన్నెండు ఉంటే అవి ఏ ప్రశ్నావళికన్నా ఎక్కువ చెబుతాయి. బిడ్డకు బాగా వచ్చిన పనులూ, ఇష్టంగా చేసేవీ అందులో ఉండాలి, కష్టాల చిట్టా ఒక్కటే బిడ్డ కాదు కదా. పసితనంలో తీసిన వీడియోలు వెతకండి. మొదటి, రెండో పుట్టినరోజు వీడియోల్లో బిడ్డ ఎవరి వైపు చూస్తుందో, పిలిస్తే ఏం చేస్తుందో నిపుణులకు ఎంతో ఉపయోగపడుతుంది. బడి నోట్‌బుక్కులు, టీచరు రాసిన వ్యాఖ్యలు, పాత వైద్య నివేదికలు కూడా తీసుకెళ్లాలి.

ఇంట్లో ఒకలా, బడిలో మరోలా ఉంటే తల్లిదండ్రులు ఇబ్బంది పడతారు, తమ మాట ఎవరూ నమ్మరేమోనని భయపడతారు. ఆ తేడా కూడా ఒక సమాచారమే. బడిలో రోజంతా బిగబట్టుకుని, ఇంటి గుమ్మం దాటగానే కుప్పకూలే పిల్లలున్నారు. ఎదుటివాళ్లను గమనించి వాళ్ల హావభావాలను, మాటలను అరువు తెచ్చుకుని, తమ ఇబ్బంది బయటపడకుండా నెట్టుకొచ్చే ఈ తీరును మాస్కింగ్ అంటారు. అమ్మాయిల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఒక అమ్మాయికి నలుగురు అబ్బాయిలు అన్నది చాలాకాలం నమ్మిన నిష్పత్తి. అప్పటికే నిర్ధారణ అయినవారినే లెక్కపెట్టకుండా అందరినీ పరీక్షించిన అధ్యయనాలను కలిపి 2017లో పరిశీలించినప్పుడు అది ఒకరికి ముగ్గురికి దగ్గరగా వచ్చింది. గుర్తింపు పొందని అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారన్నమాట. వాళ్ల ఆసక్తులు వింతగా కనిపించవు. ఒక నటి గురించో, పెంపుడు జంతువుల గురించో గంటలకొద్దీ చదివే అమ్మాయిని ఎవరూ అసెస్‌మెంటుకు పంపరు. ఆ ఆసక్తి ఎంత గాఢంగా ఉంది, దాన్ని ఆపితే ఏమవుతుంది అన్నది అడగాలి.

ఇలాంటి పిల్లలు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి తడబడతారు. స్నేహాల నియమాలు ఒక్కసారిగా చిక్కబడతాయి, ఎవరూ పైకి చెప్పని సంగతులు ఎక్కువవుతాయి. బడికి వెళ్లనని మొరాయించడం, తిండి మానేయడం, తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు రూపంలో అది బయటపడుతుంది. ఇబ్బందులు చిన్నప్పుడే మొదలైనా, అవసరాలు శక్తిని మించినప్పుడే పూర్తిగా బయటపడవచ్చని డీఎస్ఎం-5 కూడా స్పష్టంగా చెబుతుంది. కాబట్టి "ఆటిజమే అయితే ఇన్నాళ్లూ తెలియకుండా ఎలా ఉంటుంది" అనే వాదన నిలవదు. టీనేజీ బిడ్డ విషయంలో అసెస్‌మెంట్ ఎందుకో వాళ్లతో మాట్లాడి, వాళ్ల అంగీకారంతో వెళ్లాలి. నిపుణులతో ఒంటరిగా మాట్లాడే సమయం వాళ్లకు దొరకాలి. తల్లిదండ్రుల ముందు చెప్పలేనివి చాలా ఉంటాయి.

ఇంట్లో రెండు మూడు భాషలు మాట్లాడే కుటుంబాలకు ఒక మాట. ఎక్కువ భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు. అమ్మభాష మానేయమనే సలహాకు ఆధారం లేదు. బిడ్డకు బాగా వచ్చిన భాషలో అసెస్‌మెంట్ జరగాలని మాత్రం పట్టుబట్టండి. రాని భాషలో అడిగిన ప్రశ్నకు బిడ్డ మౌనంగా ఉంటే, ఆ మౌనానికి కారణం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

నివేదిక చేతికి వచ్చాక చివరి వాక్యం ఒక్కటే చదివి మడిచి పెట్టేయవద్దు. ఏయే ఆధారాలతో ఈ నిర్ణయానికి వచ్చారు, భాష, తెలివితేటలు, రోజువారీ పనులు ఏ స్థాయిలో ఉన్నాయి, కలిసి ఉన్న ఇతర సమస్యలు ఏమిటి, ఇంట్లో, బడిలో ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. ఉందో లేదో మాత్రమే చెప్పి వదిలేసిన నివేదికను వెనక్కి తీసుకెళ్లి మిగతావి రాయమని అడిగే హక్కు మీకుంది. డీఎస్ఎం-5లోని ఒకటి, రెండు, మూడు స్థాయులు ఆ సమయానికి ఎంత సాయం అవసరమో చెప్పేవి. బిడ్డ ఎంతవరకు ఎదగగలదో చెప్పేవి కావు, కాలంతో మారతాయి కూడా.

ఆటిజం కాదని తేలితే కొందరు తల్లిదండ్రులకు ఊరట కలుగుతుంది, కొందరికి ఏ దారీ లేనట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు, అయితే ఈ ఇబ్బందులకు కారణం ఏమిటి, వీటికి ఇప్పుడు ఏం చేయాలి అని అడగాలి. ఇంకా తేల్చలేమని, కొంతకాలం తర్వాత మళ్లీ చూస్తామని చెప్పినా అది నిజాయితీ గల జవాబే, ఆ తేదీ ఇప్పుడే ఖరారు చేసుకుంటే. నిర్ణయం నమ్మకం కలిగించకపోతే కారణాలు అడిగి, రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

నిర్ధారణ విన్న రోజున చాలామంది తల్లుల నోట వచ్చే ప్రశ్న ఒకటుంది: నేనేం తప్పు చేశాను? ఏమీ చేయలేదు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మానసిక వైద్యులు కొందరు ప్రచారం చేసి ఎన్నో కుటుంబాలను క్షోభపెట్టారు. అది పూర్తిగా తప్పని ఎప్పుడో తేలిపోయింది. టీకాల వల్ల వస్తుందన్న అనుమానాన్ని రేపిన 1998 నాటి వ్యాసాన్ని, అది అచ్చయిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధమే కనిపించలేదు. నయం చేస్తామంటూ ఒంట్లోంచి లోహాలు తీసే చికిత్సలు, మూలకణాల ఇంజెక్షన్లు అమ్మేవారు సరిగ్గా ఈ బలహీన క్షణంలోనే తారసపడతారు. లోహాలు తీసే చికిత్స వల్ల 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు చనిపోయాడు. వాళ్లకు దూరంగా ఉండండి.

అసెస్‌మెంట్ కోసం నెలలు, కొన్నిచోట్ల సంవత్సరాలు వేచి ఉండాల్సి వస్తుంది. ఆ కాలం ఖాళీగా పోనక్కర్లేదు. స్పీచ్ థెరపీకి, వినికిడి పరీక్షకు, నిద్ర సమస్యకు చూపించుకోవడానికి ఆటిజం అనే పేరు కాగితం మీద ఉండాల్సిన పని లేదు. శబ్దం భరించలేని బిడ్డను తరగతిలో గోల తక్కువగా ఉన్న చోట కూర్చోబెట్టమని, రేపు ఏం జరుగుతుందో బొమ్మలతో ముందే చెప్పమని టీచరును ఈ రోజే అడగవచ్చు. మాటలు రాని బిడ్డకు బొమ్మల కార్డులతోనో సైగలతోనో అడగడం నేర్పితే మాట రావడం ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు; అవి మాటకు అడ్డు కావని పరిశోధనలు చెబుతున్నాయి. ఎన్నాళ్లనుంచో చెప్పలేకపోయిన ఆకలినో, నొప్పినో బిడ్డ ఒక కార్డుతో చెప్పగలిగితే, ఆ ఇంట్లో ఏడుపు ఆ రోజు నుంచే తగ్గవచ్చు.